హేమంతపు తీరిక – నవలా పఠనం: దిగువ కృష్ణా డెల్టా ఇండ్లలో ఒక పఠన సంప్రదాయ చరిత్ర

వ్యాససారాంశం

చలికాలంలో ఇంటిపట్టున కూర్చొని పెద్ద నవల చదువుకోవడం మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల అక్షరాస్య కుటుంబాలలో మూడు నాలుగు తరాల పాటు నిలిచిన అలవాటు. ఈ అలవాటుకు మూలం చలి తీవ్రతలో లేదు. వరిసాగు క్రమం, నెలరోజుల పారాయణ సంప్రదాయం, బందరు కేంద్రంగా సాగిన విద్యా ప్రచురణ కార్యక్రమాలు కలిసి దీనిని రూపొందించాయని ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ తీరిక ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, ఎందుకు సన్నగిల్లింది అన్న ప్రశ్నలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పఠన చరిత్ర, కృష్ణా డెల్టా, వేయిపడగలు, శ్రవణ పఠనం, ఇంటి గ్రంథాలయం, దివిసీమ ఉప్పెన

ఉపోద్ఘాతం

తెలుగు నవలా చరిత్రను మనం ఎక్కువగా రచయిత వైపునుంచి రాసుకున్నాం. ఏ నవల ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ పోటీలో బహుమతి పొందింది, ఏ ఉద్యమ ప్రభావంతో పుట్టింది అన్న విషయాలు మన సాహిత్య చరిత్ర గ్రంథాలలో లభిస్తాయి. అచ్చయిన ఆ పుస్తకం ఒక ఇంట్లోకి వచ్చాక ఏమైంది, ఎవరు ఏ వేళ చదివారు, ఎంతమంది విన్నారు అన్న ప్రశ్నలకు మాత్రం అంత చోటు దొరకలేదు. పాఠకుడు మన విమర్శలో తరచు ఒక ఊహారూపంగానే మిగిలిపోయాడు. అతనికి ఊరు, ఇల్లు, ఋతువు ఉన్నాయన్న స్పృహతో చూస్తే నవలా చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుంది.

చలికాలాన్ని చదువుకునే కాలంగా భావించడం మంచు కురిసే దేశాల సాహిత్యంలో సహజం. అక్కడ వాతావరణమే మనిషిని గదిలో, నెగడు పక్కన కూర్చోబెడుతుంది. దిగువ కృష్ణా డెల్టాకు ఆ వివరణ సరిపోదు. జనవరి నెలలో కూడా మచిలీపట్నంలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. తెల్లవారుజామున మంచు పడుతుంది, ముసలివారు దుప్పటి కప్పుకుంటారు, పిల్లలు ఎండపొడ కోసం వీధి అరుగు మీదికి చేరతారు. బయటి పని మానుకోవలసినంత చలి ఏనాడూ లేదు. అయినా ఈ ప్రాంతపు పెద్దలు తాము చదివిన గొప్ప నవలల గురించి మాట్లాడేటప్పుడు మార్గశిర పుష్యాల ప్రసక్తి తెస్తారు. కుప్పలు వేసిన రోజులని, సంక్రాంతి ముందు రోజులని, క్రిస్మస్ సెలవులని గుర్తుచేసుకుంటారు. ఈ జ్ఞాపకానికి ఆధారమైన సామాజిక చరిత్రను వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలువ, పైరు, తీరిక

విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. అంతవరకు వానను, వరదను నమ్ముకున్న నేలకు కాలువ నీరు వచ్చింది. కాలువతోపాటు ఒక కొత్త కాలపట్టిక కూడా వచ్చింది. తొలకరిలో నారుమళ్లు, శ్రావణ భాద్రపదాలలో నాట్లు, కార్తీకం చివరినుంచి మార్గశిరం వరకు కోతలు. సార్వా పంటే ప్రధానమైన కాలంలో డెల్టా గ్రామంలోని భూవసతిగల కుటుంబానికి ఏడాది మొత్తం ఈ క్రమం చుట్టూనే తిరిగింది.

కోసిన వరిని వెంటనే నూర్చేవారు కారు. పనలు ఆరిన తరువాత మోపులుగా కట్టి, కుప్ప వేసి, వీలు చూసుకొని నూర్చడం ఇక్కడి పద్ధతి. కుప్ప వేయడానికీ నూర్పిడికీ మధ్య చాలా ఇండ్లలో సంక్రాంతి పండుగ వచ్చేది. కోతకు కొద్దిరోజుల ముందే నిలిచి ఉన్న పైరులో చల్లిన మినుములు, పెసలు నేలలోని తేమతో, రాత్రి మంచుతో పెరుగుతాయి. వాటికి నీరు పెట్టే పనిలేదు. ఈ విధంగా ఏడాదిలో మరెప్పుడూ లేని ఒక ఖాళీ ఏర్పడింది. ధాన్యం కుప్పలో భద్రంగా ఉంది, అప్పు తీరుతుందన్న ధైర్యం ఉంది, చీకటి త్వరగా పడుతోంది. రాత్రి భోజనం తరువాత నిద్రకు ముందు రెండు మూడు గంటలు మిగిలాయి.

వేసవిలోనూ తీరిక ఉంది గదా అన్న ప్రశ్న రావచ్చు. వేసవి తీరిక వేరు. కాలువలు కట్టివేసిన రోజుల్లో మంచినీటి చెరువుల గురించిన బెంగ, పెండ్లిళ్లు, ప్రయాణాలు, ఇల్లు కప్పించుకోవడం వంటి పనులు ఉండేవి. రాత్రివేళ అందరూ ఆరుబయట మంచాలు వేసుకునేవారు. దీపం చుట్టూ మనుషులు చేరేది చలికాలంలోనే. హరికెన్ లాంతరు ఒక్కటే ఉన్న ఇంట్లో వెలుతురున్న చోటే కుటుంబం కూడేది. ఆ వెలుతురు ఒకరు చదవడానికి చాలు, పదిమంది వినడానికి అవసరమే లేదు. చలికాలపు పఠనం మొదట సామూహికంగా సాగడానికి ఈ చిన్న భౌతిక కారణాన్ని విస్మరించరాదు.

పారాయణం నుంచి నవల వరకు

నవల ఈ ఇండ్లలోకి అడుగుపెట్టే నాటికే వాటిలో ఒక పఠన పద్ధతి స్థిరపడి ఉంది. కార్తీక పురాణం ముప్పై అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున నెలంతా చదవడం ఆచారం. ధనుర్మాసంలో తిరుప్పావై పాశురాలు ముప్పై. అవీ రోజుకొకటే. భారత భాగవతాల కాలక్షేపం సాయంకాలం అరుగు మీద సాగేది. ఒకరు చదువుతారు, అవసరమైన చోట ఆగి వివరిస్తారు, వినేవారు ప్రశ్నిస్తారు. ఒక పెద్ద గ్రంథాన్ని రోజువారీ భాగాలుగా విభజించి, ఋతువుకు ముడివేసి, నలుగురితో కలిసి పూర్తిచేయడం అన్నది అచ్చు పుస్తకం నేర్పిన అలవాటు కాదు. అంతకు ముందున్న పారాయణమే దానిని నేర్పింది.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1880లో గ్రంథరూపం పొందింది. 1890లలో ‘చింతామణి’ పత్రిక నిర్వహించిన పోటీలు నవలా రచనను ప్రోత్సహించాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం వంటి రచయితలు ఆ పోటీల ద్వారానే నవలాకారులుగా గుర్తింపు పొందారు. ఈ తొలి నవలల భాష గ్రాంథికం. ఒంటరిగా మౌనంగా చదవడం అలవాటు లేని పాఠకులకు అది ఆటంకమై ఉంటుందని మనం భావిస్తాం. గట్టిగా చదివి వినిపించే ఇంట్లో ఆ ఆటంకం చాలావరకు తొలగిపోతుంది. పురాణం చదివే గొంతుకే నవల కూడా చదివింది. అర్థం కాని మాటను అక్కడికక్కడే విడమరచి చెప్పింది. కథలో కొత్తదనమున్నా, వినే పద్ధతి పాతది కావడంతో నవల త్వరగా ఇంటిదైపోయింది.

ఈ దృష్టితో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను పరిశీలించడం ఫలవంతం. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతిని పంచుకున్న ఈ నవలను రచయిత ఇరవైతొమ్మిది రోజులలో ఆశువుగా చెప్పగా ఆయన తమ్ముడు రాసుకున్నారన్నది ప్రసిద్ధ విషయం. గొంతుతో పుట్టిన గ్రంథమిది. అందులోని దీర్ఘ ప్రసంగాలు, ఉపకథలు, కథను నిలిపి సాగే శాస్త్రచర్చలు మౌనపాఠకుడికి కొన్నిచోట్ల భారంగా తోస్తాయి. విమర్శకులు దీనిని నిర్మాణ శైథిల్యంగా పేర్కొన్న సందర్భాలున్నాయి. వినిపించే పఠనంలో ఈ లక్షణాలే మరోలా పనిచేస్తాయి. ఉపకథ ఒక రాత్రికి సరిపోతుంది. చర్చ వచ్చినచోట చదివేవారు ఆగుతారు, ఇంట్లోని పెద్దలు తామూ వాదానికి దిగుతారు. దాదాపు వెయ్యి పుటల గ్రంథాన్ని రోజుకు ముప్పైమూడు పుటల చొప్పున చదివితే నెలరోజులలో పూర్తవుతుంది. ధనుర్మాసం నెలపట్టినప్పుడు మొదలుపెడితే భోగి నాటికి ముగుస్తుంది. రచన పట్టిన కాలమూ పఠనానికి పట్టే కాలమూ దాదాపు ఒక్కటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే నెలరోజుల పారాయణానికి అలవాటుపడిన ఇంట్లో ఆ నవల పొడవు ఎవరినీ భయపెట్టలేదని గ్రహించడానికి ఈ లెక్క ఉపకరిస్తుంది.

సుబ్బన్నపేటలో గుడి, కోట, సంప్రదాయ వృత్తులు క్రమంగా క్షీణించడాన్ని ఆ నవల చిత్రించింది. పంట ఇంటికి వచ్చి, పండుగ దగ్గరపడి, హరిదాసులు గంగిరెద్దులవారు వీధిలోకి వచ్చే రోజుల్లోనే ఈ క్షయాన్ని చదవడంలో ఒక వైరుధ్యముంది. బయట వృత్తి కళాకారుడు గుమ్మంలో నిలబడి ఉండగా, లోపల అతని లోకం అంతరించడాన్ని గురించి చదువుతున్నారు. చలికాలపు పఠనానందంలో ఈ దిగులు కూడా ఒక భాగం.

బందరు: పుస్తకం చేరువైన పట్టణం

తీరిక ఉన్నంతమాత్రాన పఠనం సాగదు, పుస్తకం అందాలి. ఈ విషయంలో బందరు డెల్టాకు చేసిన సేవ విశిష్టమైనది. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల క్రమంగా కళాశాలగా ఎదిగింది. ఆ విద్యార్థులలో అనేకులు చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చినవారు. మిషనరీ విద్యాసంస్థ కావడంతో క్రిస్మస్ సెలవులు ఉండేవి. ఆ సెలవులకు ఊరికి వచ్చే విద్యార్థే చాలా ఇండ్లకు కొత్త నవలను మోసుకువచ్చిన తొలి వ్యక్తి. సెలవులు, కుప్పలు వేసిన తరువాతి తీరిక ఒకే సమయంలో రావడం ఈ చరిత్రలో చిన్న సంఘటనగా తోచినా, దాని ఫలితం చిన్నది కాదు.

1902లో మచిలీపట్నంలో ‘కృష్ణాపత్రిక’ ఆరంభమైంది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేవరకు దానికి సంపాదకులుగా ఉండి, రాజకీయ చైతన్యంతోపాటు సాహిత్యాభిరుచిని కూడా పల్లెలకు పంచారు. 1910లో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాల సాహిత్యానికీ చిత్రకళకూ ఆశ్రయమైంది. నందమూరులో 1895లో జన్మించిన విశ్వనాథ బందరులో చదువుకొని, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యులై, అనంతరం ఈ జాతీయ కళాశాలలోనే అధ్యాపకత్వం వహించారు. బాపిరాజు 1930లలో ఆ కళాశాల ప్రధానాచార్యులుగా పనిచేశారు. 1934 నాటి బహుమతిని పంచుకున్న ఇద్దరు నవలాకారులకూ బందరుతో ఇంతటి సంబంధముంది. అందువల్ల ఈ పట్టణపు పాఠకులకు ఆ రెండు నవలలు దూరపు గ్రంథాలుగా గాక తెలిసినవారి పుస్తకాలుగా అందాయి.

1908లో విజయవాడ–మచిలీపట్నం రైలుమార్గం వచ్చింది. గుడివాడ దానిపై ముఖ్యమైన స్టేషను. పుస్తకాల పార్సెలు, వారపత్రికల కట్ట, వి.పి.పి. పద్ధతి ఈ మార్గం వెంట పల్లెలకు చేరాయి. ఇదే ప్రాంతానికి చెందిన ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను, 1924లో ‘భారతి’ మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పడం ఈ పఠన వాతావరణాన్ని మరింత విస్తరింపజేసింది.

స్వాతంత్ర్యానంతరం ఈ కృషిని ఇంటి గుమ్మం వరకు తీసుకువచ్చిన ఘనత మచిలీపట్నం ప్రచురణ సంస్థ ఎం. శేషాచలం అండ్ కంపెనీకి దక్కుతుంది. ఆ పేరులోని ఆంగ్లాక్షరాల కూర్పే ‘ఎమెస్కో’. 1960లలో ఈ సంస్థ వెలువరించిన పాకెట్ పుస్తకాలు నవలను చొక్కా జేబుకూ చీర మడతకూ తగినంత చిన్నవిగా, చవకగా మార్చాయి. ‘ఇంటింటా గ్రంథాలయం’ పేరుతో సభ్యులకు తపాలా ద్వారా పుస్తకాలు పంపిన పథకం పాఠకుణ్ణి పుస్తకాల కొట్టు వరకు రమ్మనలేదు, పుస్తకాన్నే అతని వద్దకు పంపింది. అరువు తెచ్చిన పుస్తకాన్ని చదివి ఇచ్చివేయాలి. సొంత పుస్తకాన్ని మరుసటి చలికాలం మళ్లీ చదవవచ్చు. పునఃపఠనం అన్న ఆనందం సాధారణ గృహస్థుకు అందుబాటులోకి వచ్చింది ఇక్కడే. ఒక నవల ప్రాచీన కావ్యం వలె ‘క్లాసిక్’ స్థాయిని పొందేది విమర్శకుని తీర్పు వల్ల మాత్రమే గాదు, ఇంట్లో రెండోసారి మూడోసారి తెరవబడడం వల్ల కూడా.

గుడివాడ: తమ ఊరిని తాము చదువుకోవడం

గుడివాడ పరిసరాల పాఠకులకు మరొక అనుభవం లభించింది. అంగలూరులో 1910లో జన్మించిన త్రిపురనేని గోపీచంద్ 1940లలో రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ వంశప్రతిష్ఠ అన్న భావన ఒక మనిషిని లోపలినుంచి ఎలా తినివేస్తుందో చూపిన నవల. పంట అమ్మి లెక్కలు చూసుకొనే కాలంలో, భూవసతి గల ఇంట్లో ఆ నవల చదవడం అద్దంలో చూసుకోవడం వంటిది. సీతారామారావు పతనం ఆ పాఠకునికి పరాయివాని కథ గాదు. ఊరిలో అటువంటి కుటుంబం ఏదో ఒకటి అతనికి తెలిసే ఉంటుంది. గోపీచంద్ రచన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు ఆయన మరణానంతరం 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

తమ ఊరి కథతోపాటు బెంగాలు కథ కూడా ఈ ఇండ్లలో సమానంగా నిలిచింది. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ మొదలైనవారి అనువాదాల ద్వారా శరత్‌చంద్ర చటోపాధ్యాయ తెలుగు రచయితే అన్నంతగా పరిచితుడయ్యాడు. దీనికి అనువాదకుల నేర్పుతోపాటు భౌగోళిక సామ్యం కూడా కారణమని నా అభిప్రాయం. వంగదేశమూ నదీముఖద్వార భూమే. వరి, చెరువు, పడవ, జమీందారు, ఉమ్మడి కుటుంబం, విధవరాలి దుస్థితి ఇవన్నీ కృష్ణా డెల్టా పాఠకునికి పాదపీఠికలు లేకుండానే అర్థమయ్యాయి. 1953లో వచ్చిన ‘దేవదాసు’ చలనచిత్రానికి దర్శకుడు కూచిపూడికి చెందిన వేదాంతం రాఘవయ్య. కథానాయకుడు గుడివాడ సమీపంలోని రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు. బెంగాలీ నవలానాయకుడు ఈ డెల్టా మనిషి ముఖంతో తెలుగువారికి శాశ్వతంగా గుర్తుండిపోవడం పై సామ్యానికి మంచి నిదర్శనం. ఆ చిత్రం చూసి వచ్చి అనువాదాన్ని వెదికి చదివిన పాఠకులూ ఉన్నారు, ముందుగా నవల చదివి చిత్రాన్ని తూకం వేసినవారూ ఉన్నారు.

తీరిక ఎవరిది?

ఇంతవరకు వర్ణించిన తీరిక అందరిదీ కాదు. ఈ విషయాన్ని చెప్పకపోతే చలికాలపు పఠనాన్ని గురించిన ఏ చరిత్రైనా అసంపూర్ణమే. భూయజమాని ఇంట్లో కుప్ప పడిన తరువాత విశ్రాంతి మొదలైతే, కోసినవారికీ కుప్ప వేసినవారికీ ఆ నెలలే కూలి దొరికే కాలం. ఒక ఊరి కోతలు ముగిస్తే మరో ఊరికి పోవాలి. తెల్లవారుజాము మంచులో కొడవలి పట్టినవారికి రాత్రి లాంతరు ముందు కూర్చొనే శక్తి గాని, లాంతరు గాని, అనేక సందర్భాలలో అక్షరం గాని లేవు. ఒకరి పఠనకాలానికి మరొకరి శ్రమకాలం పునాది.

ఉన్నవ లక్ష్మీనారాయణ కారాగారంలో రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. పొలంపనిచేసే కుటుంబాన్ని కేంద్రంగా నిలిపిన ఆ నవల నిషేధం తరువాత ఇదే భూవసతి గల ఇండ్లలో చదవబడింది. కూలి ధాన్యం కొలతలో జరిగే అన్యాయాన్ని గురించి, కళ్లం ఇంకా ఖాళీకాని రోజుల్లో, ధాన్యం కొలిపించే యజమాని కుమారుడు చదువుతున్నాడు. అతనిలో ఏ మార్పు వచ్చిందో సాహిత్య చరిత్ర నమోదు చేయలేదు. కాని డెల్టాలో జాతీయోద్యమం, గ్రంథాలయోద్యమం, తరువాతి వామపక్ష రైతుకూలీ ఉద్యమాలు ఇటువంటి ఇండ్ల యువకులను కూడా తమలో కలుపుకున్నాయన్నది చరిత్ర. నవలాపఠనం తీరికను అనుభవించడమే గాక, ఆ తీరిక వెలను తెలుసుకోవడంగా కూడా పరిణమించింది.

స్త్రీల సంగతి మరొకటి. సంక్రాంతి ముందు నెల వారికి పిండి దంచడం, అరిసెల పాకం, ముగ్గులు, గొబ్బెమ్మలు, వచ్చిపోయే చుట్టాలు అన్నీ కలిసిన పని నెల. రాత్రి శ్రవణపఠనంలో వారు వంటింటి గుమ్మం వెనుక నిలబడి విన్నారు. సొంతంగా చదివింది మధ్యాహ్న భోజనాల తరువాత, మగవారు కునుకు తీసే గంటలో. వారపత్రికలలో వచ్చిన ధారావాహికలను వారం వారం చించి దాచి, సూదితో కుట్టి, అట్టవేసి పుస్తకంగా చేసుకొన్న పాఠకురాళ్లు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. మొవ్వ సమీపంలోని కాజలో 1940లో జన్మించిన యద్దనపూడి సులోచనారాణి 1960లలో ‘సెక్రటరీ’ ద్వారా పొందిన అపార ఆదరణకు వెనుక ఈ మధ్యాహ్నపు పాఠకలోకమే ఉంది. దీపం కింద పెద్దలు నిర్ణయించిన పుస్తకం కాకుండా, ఎండ పడే పెరటి వసారాలో తమకు నచ్చిన పుస్తకం చదువుకోవడం ద్వారా స్త్రీలు పఠనాన్ని మొదటిసారిగా వ్యక్తిగతం చేసుకున్నారు. పాకెట్ పుస్తకం ఇందుకు తగిన ఆకృతి. శ్రోతనుంచి పాఠకురాలిగా సాగిన ఈ మార్పు మన నవలా చరిత్రలో ఒక ప్రధాన ఘట్టంగా గుర్తింపబడవలసి ఉంది.

దివిసీమ: నీటి నడుమ పుస్తకం

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పులిగడ్డ వద్ద పాయలుగా చీలి దివిసీమను ద్వీపంగా మార్చింది. వంతెనలు రాకముందు ఇక్కడికి ఏది రావాలన్నా పడవే ఆధారం, పుస్తకం కూడా. గ్రంథాలయోద్యమం ఈ నీటిదారిని అవరోధంగా గాక అవకాశంగా చూసింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత అయ్యంకి వెంకటరమణయ్య తదితరుల కృషితో ఊరూరా పఠనమందిరాలు వెలిశాయి. నదికి పడమట 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో పెదపాలెం సేవాశ్రమం కాలువ పడవలోనే గ్రంథాలయాన్ని నడిపి ప్రయాణికులకు పుస్తకాలను అందించింది. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ఈ స్వచ్ఛంద కృషికి ప్రభుత్వ ఆధారాన్ని కల్పించింది. అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక వంటి చోట్ల ఇంటి బీరువాలో చేరిన పుస్తకం చుట్టుపక్కల ఇండ్లన్నిటికీ ఎరువు వెళ్లేది. దూరం వల్ల పుస్తకం విలువ పెరిగింది.

ఆ విలువను నీరే హరించింది కూడా. ఈ తీరానికి చలికాలపు గుమ్మం తుపానుల నెల. 1864 నవంబరు 1నాటి ఉప్పెన మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది మరణించారు. కోతకు వచ్చిన వరి, పశువులు, ఇండ్లు పోయాయి. ఇంతటి ప్రాణనష్టం ముందు పుస్తకాల నష్టాన్ని ఎవరూ లెక్కించలేదు, లెక్కించడం న్యాయమూ కాదు. అయితే దివిసీమ ఇండ్లలో అంతకు పూర్వపు నవలా ప్రతులు నేడు అరుదుగా కనిపించడానికి ఆ రాత్రి ఒక ముఖ్య కారణం.

ఈ సందర్భంలో స్వానుభవం ఒకటి చెప్పుకోవడం అవసరమనిపిస్తోంది. దివిసీమలోని ఒక గ్రామంలో ఈ వ్యాసకర్త అమ్మమ్మ ఇంట్లో ‘నారాయణరావు’ ప్రతి ఒకటి ఉంది. ఉప్పెన తరువాత అటక మీద మిగిలిన కొద్ది వస్తువులలో అది ఒకటి. పుటలు ఉబ్బి, అంచులు మట్టిరంగు తేలి, తొలి భాగం పూర్తిగా ఊడిపోయి ఉంది. చిన్నతనంలో సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మ ఆ పుస్తకం చదివి వినిపించేది. పుటలు లేని మేరకు కథను నోటితో చెప్పేది. పెళ్లి కుదిరిన వైనమంతా ఆమె మాటల్లో విన్న తరువాతనే అచ్చు మొదలయ్యేది. ఆమె గొంతు ఎక్కడ ఆగి బాపిరాజు వాక్యం ఎక్కడ మొదలైందో మాకు తెలిసేది కాదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పూర్తి ప్రతి చదివినప్పుడు తెలిసింది, ఆమె చెప్పిన కొన్ని సంభాషణలు నవలలో లేనే లేవు. అవి ఆమెవి. పారాయణ సంప్రదాయం నవలను ఎంతగా తనలో కలుపుకున్నదో ఏ సిద్ధాంత గ్రంథమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు. నీరు తీసుకుపోయిన పుటలను జ్ఞాపకం తిరిగి రాసుకున్నది, కొంత తనదిగా రాసుకున్నది.

సన్నగిల్లిన సంప్రదాయం

ఈ పఠన సంప్రదాయం బలహీనపడడానికి దూరదర్శన్‌ను, తరువాత చరవాణిని కారణాలుగా చెప్పడం పరిపాటి. అది పాక్షిక సత్యమే. ఋతువు రూపమే మారిపోయిందన్నది అంతకంటే మౌలికమైన కారణం. నీరు దొరికిన మేర దాళ్వా వచ్చింది. మరికొన్ని చోట్ల వరి తరువాత మొక్కజొన్న వచ్చింది. కోత యంత్రం పొలంలోనే ధాన్యాన్ని వేరుచేసి ఇస్తుండడంతో కుప్పకూ నూర్పిడికీ మధ్యనున్న ఖాళీ మాయమైంది. భూమిని కౌలుకిచ్చిన కుటుంబాలు విజయవాడకు, హైదరాబాదుకు, విదేశాలకు తరలిపోయాయి. విద్యుద్దీపం ప్రతి గదికీ వెలుతురునిచ్చి, ఒకే దీపం చుట్టూ చేరవలసిన అవసరాన్ని తొలగించింది. ఎవరి గదిలో వారు చదువుకొనే వీలు కలిగినప్పుడు చదివి వినిపించే గొంతు మౌనం వహించింది.

ఇందులో విచారించదగినదీ ఉంది, సంతోషించదగినదీ ఉంది. గుమ్మం వెనుక నిలబడి విన్న స్త్రీ తన పుస్తకాన్ని తానే ఎన్నుకొన్నది. కోతకూలీల పిల్లలు చదువుకొని పాఠకులయ్యారు, కొందరు రచయితలయ్యారు. తీరిక కొద్దిమంది హక్కుగా ఉన్న కాలం తిరిగి రావాలని ఎవరూ కోరరు. కాని ఒక ఇంటిలోని మూడు తరాలవారు ఒకే కథను ఒకే రాత్రి విని, దాని గురించి పోట్లాడుకొనే అవకాశం పోవడం వాస్తవమైన నష్టమే.

ముగింపు

పై చర్చవల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, దిగువ కృష్ణా డెల్టాలో చలికాలపు నవలాపఠనానికి సార్వా పంట ఏర్పరచిన తీరిక, పారాయణం నేర్పిన రోజువారీ విభజన, బందరు అందించిన పుస్తకం అనే మూడు ఆధారాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ సంప్రదాయం ఏర్పడేది కాదు. రెండవది, ‘వేయిపడగలు’ వంటి బృహన్నవలల నిర్మాణాన్ని మౌనపఠన ప్రమాణాలతోనే తూచడం సమంజసం కాదు. అవి విన్న నవలలు కూడా. మూడవది, పాఠకలోకం అన్న మాట వెనుక భూమి, శ్రమ, లింగ భేదాలు ఉన్నాయి. వాటిని విస్మరించిన పఠన చరిత్ర సగం చరిత్రే.

ఈ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ దస్తావేజులలో కంటే ఇండ్లలోనే ఎక్కువగా ఉన్నాయి. అట్టమీద కొన్న తేదీ రాసుకున్న నవలలు, కుట్టుకున్న ధారావాహికలు, గ్రామ గ్రంథాలయాల ఎరువు రిజిస్టర్లు, అంచుల్లో రాసుకొన్న వ్యాఖ్యలు వీటికి ఎవరూ పరిశోధనా సామగ్రి అన్న విలువ ఇవ్వడం లేదు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు ముందుగా తూకానికి పోయేవి ఇవే. తెలుగు శాఖలు తమ విద్యార్థుల ద్వారా సంక్రాంతి సెలవులలో సొంత ఊళ్లలోని ఇటువంటి ప్రతులను నమోదు చేయించగలిగితే, చదివి వినిపించిన చివరి తరంవారి మాటలను ధ్వనిముద్రణ చేయించగలిగితే, తెలుగు నవలకు పాఠకుల వైపునుంచి ఒక చరిత్ర సిద్ధమవుతుంది. ఆ తరం వారిలో చాలామంది ఎనభై దాటినవారు. అమ్మమ్మ వద్ద నున్న ‘నారాయణరావు’ ప్రతి ఇప్పుడు ఈ వ్యాసకర్త వద్ద ఉంది. లేని పుటలలో ఆమె చెప్పిన కథను మాత్రం ఆమె బతికుండగా రాసుకోలేకపోయాను.